చూసినందుకు ఇవ్వం, మార్చినందుకు ఇస్తాం

మా ఊళ్లో పదకొండు మంది రైతులం కలిసి 2017లో ఒక పాత 407 బండి కొన్నాం. అప్పటికే దాని వయసు పదమూడేళ్లు. ఎందుకు కొన్నామో మన సంఘంలో చాలామందికి తెలుసు. టమాటా కోశాక సొంత బండి లేకపోతే మండీవాళ్లు పంపిన బండే గతి. వాళ్ల బండి వాళ్లు చెప్పిన మండీకే పోతుంది. వాళ్లు చెప్పిన బాడుగే మన పట్టీలో కోత పడుతుంది. బండి మనదైతే మదనపల్లె యార్డులో ఏ మండీలో దించాలో మనమే తేల్చుకుంటాం. పాతదైనా, గీతలు పడినా, ఆ బండి మా చేతిలో ఉన్న ఒక్క బేరం.

పోయిన వేసవిలో ఆ బండి మమ్మల్ని రెండుగా చీల్చేదాకా వచ్చింది. పొద్దున నాలుగు గంటలకు సెల్ఫ్ కొడితే టక్ టక్ అనేది, ఇంజను తిరిగేది కాదు. నలుగురు తోస్తే స్టార్టయ్యేది. మధ్యాహ్నం లోడుతో ఎత్తు ఎక్కితే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతకు పోయేది. ఒక రోజు 140 క్రేట్ల టమాటాతో ఆ ఎత్తు మధ్యలోనే నిలబడిపోయింది. రేడియేటరు చల్లారేదాకా రెండు గంటలు, మళ్లీ స్టార్ట్ చేయడానికి ఇంకో గంట. వేలం అయిపోయింది. మర్నాడు దించిన సరుకులో మెత్తబడినవి ఏరేసి, మిగతాది ముందురోజు ధరలో సగానికి ఇచ్చి వచ్చాం.

ఈ వ్యాసం ఆ బండి గురించే అయినా, నేను చెప్పదలచుకున్నది మన అందరి అలవాటు గురించి. బండికి జబ్బేమిటో చూడకుండానే సామాను మార్చే అలవాటు. నేను మెకానిక్కును కాను. పదో తరగతి చదివి సేద్యంలో దిగినవాణ్ణి. ఈ బండి లెక్కలు రాసే పని మా వాళ్లు నాకు అప్పగించారు కాబట్టి, ఎక్కడెంత పోయిందో నా నోటుబుక్కులో ఉంది. అందుకే రాస్తున్నాను.

మొదట బ్యాటరీ మార్చాం, 7,200. రెండు వారాలు బండి బ్రహ్మాండంగా స్టార్టయింది. తర్వాత మళ్లీ అదే టక్ టక్. సెల్ఫ్ మోటారు పోయిందన్నారు. విప్పి, బ్రష్‌లు, బుష్‌లు వేయించి, వైండింగు కట్టించాం, 3,800. పది రోజులు బాగుంది. వేడి సంగతికి వేరే మెకానిక్కు దగ్గరికి పోయాం. రేడియేటరు దింపి లోపల రాడ్ వేసి కడిగారు, 4,000. ఎత్తు మీద కాస్త మేలనిపించింది, అంతే. థర్మోస్టాట్ ఉండటమే వేడికి కారణమని దాన్ని పీకి పారేశారు. దానికి డబ్బు తీసుకోలేదు గానీ, ఆ ఉచితం మాకు ఎంత నష్టమో తర్వాత తెలిసింది. చివరికి హెడ్ గ్యాస్కెట్ అనుమానం, ఇంజను విప్పాలి, ముప్పై వేలు పెట్టుకోండి అన్నారు.

ఆ ముప్పై వేల మాట దగ్గర మా సమావేశం గొడవ గొడవైంది. అమ్మేద్దామని నలుగురు. కొత్తది ఫైనాన్సులో తీద్దామని ఇద్దరు. డ్రైవరు లైట్లు ఆర్పకుండా వదిలేస్తున్నాడని, నీళ్లు చూసుకోవడం లేదని ఒకరు. ఆ చివరి మాటకు తల ఊపినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ కుర్రాడి జీతంలో 1,500 కోశాం. భూమి లేని ఇంటి పిల్లాడు. "అన్నా, పడుకునేముందు రెండుసార్లు చూసి దిగుతానన్నా" అన్నాడు. మేం వినలేదు.

తర్వాత ఆ బండిని చూసినవాడు మదనపల్లెలో ఒక ముసలి ఆటో ఎలక్ట్రీషియన్. అందరూ భాయ్ అంటారు. చిన్న అంగడి, గోడకు ఒక మీటరు వేలాడుతుంటుంది. ఆయన పానా ముట్టుకోలేదు. ముందు అడిగాడు: స్టార్ట్ కానిది ఎప్పుడు? రాత్రి లైట్లు వేసుకుని వచ్చిన మర్నాడా, పగలు తిరిగిన మర్నాడా? హీటయ్యేది ఎక్కడ? ఖాళీ బండికా, లోడుకా? నేను నీళ్లు నమిలాను. డ్రైవరు గడగడా చెప్పాడు: రాత్రి ప్రయాణం చేసిన మర్నాడే మొరాయిస్తుంది, లోడుతో చిన్న గేరులో ఎక్కేటప్పుడే వేడెక్కుతుంది, ఖాళీగా వస్తే ముల్లు సగం దాటదు.

భాయ్ బ్యాటరీకి మీటరు పెట్టాడు. ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.1. నిండు బ్యాటరీ అయితే 12.6 ఉండాలి. ఇంజను స్టార్ట్ చేసి రేసు ఇచ్చాడు, 12.9 వచ్చింది. అది 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు వేయగానే 12.3కి పడింది. అంటే బండి నడుస్తున్నంతసేపూ బ్యాటరీ నిండటం లేదు, తరుగుతోంది. డైనమో పోయిందా అని అడిగాను, మనసులో ఇంకో ఆరు వేలు లెక్కేసుకుంటూ. ఆయన ఇంజను ఆపి, ఫ్యాన్ బెల్టు వదులు చేసి పక్కకు తోసి, పుల్లీ గాడిలో టార్చి వేసి చూపించాడు. గాడి అడుగు అద్దంలా మెరుస్తోంది.

వి ఆకారపు బెల్టు తన రెండు పక్కలతో పుల్లీని పట్టుకోవాలి. అడుగు తగలకూడదు. గాడి అరిగిపోతే బెల్టు కిందికి జారి అడుగు మీద కూర్చుంటుంది. అప్పుడు బొటనవేలితో నొక్కితే బిగువుగానే అనిపిస్తుంది. బరువు పడగానే మాత్రం జారుతుంది. మా బండిలో అదే బెల్టు ఫ్యాన్‌ను, వాటర్ పంపును, డైనమోను మూడింటినీ తిప్పుతుంది. రాత్రి లైట్ల బరువు పడితే డైనమో జారి బ్యాటరీ నిండదు, పొద్దున సెల్ఫ్ తిరగదు. ఎత్తు మీద ఇంజనుకు గాలీ నీళ్లూ ఎక్కువ కావాల్సిన సమయానికే ఫ్యాను, పంపు నెమ్మదిస్తాయి, ముల్లు ఎర్రగీతకు పోతుంది. మేం రెండు జబ్బులనుకుని ఇద్దరు వైద్యుల చుట్టూ తిరిగాం. జబ్బు ఒక్కటే. పాత పుల్లీ ఒకటి, కొత్త బెల్టు ఒకటి, కొత్త థర్మోస్టాట్ ఒకటి, అన్నీ కలిపి 1,650 అయింది. ఛాసిస్ నుంచి ఇంజనుకు వచ్చే ఎర్త్ పట్టీ తుప్పు పట్టి ఉంటే దాన్ని గీకి బిగించాడు, దానికి ఏమీ లేదు.

ఇంత చూసినందుకు నీకెంత భాయ్ అని అడిగాను. ఆయన నవ్వాడు. "చూసినందుకు ఎవరిస్తారన్నా? బెల్టు, పుల్లీ డబ్బులివ్వు చాలు."

నాకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నిజంగా మనం చూసినందుకు ఎవరికీ పైసా ఇవ్వం. మార్చినందుకు ఇస్తాం. గంటసేపు మీటరు పెట్టి తప్పెక్కడుందో చెప్పిన మనిషికి టీ తాగించి పంపిస్తాం. ఐదు నిమిషాల్లో బ్యాటరీ మార్చినవాడికి ఏడు వేలు లెక్కపెడతాం. అలాంటప్పుడు మెకానిక్కు ఎందుకు చూస్తాడు? సామాను అమ్మితేనే వాడి ఇల్లు గడిచేలా మనమే చేశాం. వాడిని దొంగ అనడం తేలిక. మా బండి చూసిన ముగ్గురిలో ఎవరూ దొంగలు కారు. ఒక్కొక్కరు తమకు తెలిసిన సామాను మార్చారు, మేం అడిగిందీ అదే. పైరుకు తెగులేమిటో చూడకుండా పురుగుమందుల దుకాణంలో "ఏదైనా మంచి మందివ్వు" అని అడిగేది కూడా మనమే కదా.

కాబట్టి ముందు మనం నేర్చుకోవాల్సింది బండిని ప్రశ్నలు అడగడం. భాయ్ దగ్గర, తర్వాత మరో ఇద్దరు అనుభవజ్ఞుల దగ్గర కూర్చుని నేను రాసుకున్నది మీతో పంచుకుంటాను. ఇవన్నీ 12 వోల్టుల బండి లెక్కలు. రెండు బ్యాటరీల 24 వోల్టుల లారీ అయితే రెట్టింపు చేసుకోండి.

స్టార్ట్ కాని బండిని ముందు ఒకటే అడగాలి: ఇంజను తిరుగుతోందా, లేదా? తిరగకపోతే అది కరెంటు సంగతి. బాగా తిరిగి కూడా అందుకోకపోతే అది డీజిల్ సంగతి, లేదా ఇంజను కంప్రెషన్ సంగతి. ఈ రెండూ కలిపేస్తేనే మన డబ్బు పోతుంది.

తిరగనప్పుడు హెడ్‌లైటు వేసి సెల్ఫ్ కొట్టి చూడండి. లైటు బాగా మసకబారితే బ్యాటరీ నీరసం కావచ్చు, క్లాంపులు తుప్పు కావచ్చు, సెల్ఫ్ పట్టేసి కరెంటంతా లాగేస్తూ ఉండొచ్చు. లైటు ఏమాత్రం తగ్గకుండా సెల్ఫ్ మౌనంగా ఉంటే కరెంటు అక్కడిదాకా పోవడమే లేదు: తాళం స్విచ్చి, సొలినాయిడ్, దానికి పోయే సన్న వైరు చూడాలి. మీటరుంటే ఇంకా తేలిక. రాత్రంతా నిలబడిన బండికి బ్యాటరీ 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర సగం, 12.0కి దిగితే దాదాపు అడుగంటినట్టు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు అది 9.5 కంటే కిందికి పడకూడదు. బ్యాటరీ 11 దగ్గర నిలబడి కూడా సెల్ఫ్ ఈడుస్తుంటే, మీటరు ఒక కొనను బ్యాటరీ ప్లస్ గుబ్బ మీద, రెండో కొనను సెల్ఫ్ మోటారు లావు బోల్టు మీద పెట్టి కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఆ మధ్యలో ఎక్కడో వైరో, జాయింటో కరెంటును మింగేస్తోంది. అలాగే బ్యాటరీ మైనస్ నుంచి ఇంజను ఇనుముకు పెట్టి చూస్తే ఎర్త్ బాగోగులు తెలుస్తాయి. పాత బండ్లలో ఎర్త్ పట్టీ మీద నిందపడటం తక్కువ, తప్పు మాత్రం దానిదే ఎక్కువ. క్లాంపుల మీద తెల్లగా, పచ్చగా పూసిన పూతను వేడి నీళ్లు, వంట సోడాతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే సగం బండ్లు లేస్తాయని భాయ్ అంటాడు. నేను సగం అనను గానీ, మా ఊళ్లో రెండు ట్రాక్టర్లు అలాగే లేచాయి.

కొత్త బ్యాటరీ రెండు మూడు వారాలు బాగుండి మళ్లీ పడుకుందంటే తప్పు బ్యాటరీది కాదు. ఈ ఒక్క వాక్యం నాకు ముందే తెలిసి ఉంటే 3,800 మిగిలేది.

ఇంజను గిరగిరా తిరిగి అందుకోనప్పుడు పొగ గొట్టం చూడాలి. పొగే రాకపోతే డీజిల్ అందడం లేదు. ట్యాంకులో డీజిల్, ఇంజను ఆపే కేబులు వెనక్కి రాకుండా పట్టేయడం, ఫిల్టరు పూడిపోవడం, పైపులో గాలి చేరడం, ఈ వరసలో చూసుకోవాలి. ఆపే కేబులు పట్టేసిందని తెలియక నాజిళ్లు విప్పించిన రైతు మా పక్క ఊళ్లోనే ఉన్నాడు. తెల్ల పొగ దండిగా వస్తూ అందుకోకపోతే డీజిల్ చేరుతోంది గానీ మండటం లేదు. అప్పుడు కంప్రెషన్, పంపు టైమింగు, నాజిళ్లు. అది మన చేతి పని కాదు, మంచి మెకానిక్కుకు అప్పగించాల్సిందే. అయినా "తిరుగుతోంది, తెల్ల పొగ వస్తోంది" అని చెప్పగలిగితే వాడి పని సగం అయినట్టే.

వేడెక్కే బండిని అడగాల్సిన ప్రశ్న: ఎప్పుడు? నిలబడి ఉన్నప్పుడు, ఊళ్లో నెమ్మదిగా పోయేటప్పుడు వేడెక్కి, రోడ్డెక్కి వేగం పుంజుకుంటే తగ్గుతోందా? అయితే గాలి చాలడం లేదు, ఫ్యానూ బెల్టూ చూడండి. లోడుతో, వేగంతో ఎక్కువవుతోందా? నీటి ప్రవాహం చాలడం లేదు, లేదా రేడియేటరు వేడిని వదలడం లేదు. ముందు బయట చూడండి. మన బండ్ల రేడియేటరు ముందు పురుగులు, బురద, వరి పొట్టు దట్టంగా పేరుకుని ఉంటాయి. ఇంజను చల్లారాక వెనక నుంచి ముందుకు నీళ్లు మెల్లగా కొట్టి కడిగితే అదొక్కటే చాలాసార్లు సరిపోతుంది. తర్వాత లోపల. మన రాయలసీమ బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లని పొర పడుతుంది, చూసే ఉంటారు. అదే పొర రేడియేటరు గొట్టాల్లో, ఇంజను గోడల మీదా పడుతుంది. బోరు నీళ్లు పోసినన్నాళ్లూ రేడియేటరు కడిగించడం తప్పదు. కూలెంటు, డిస్టిల్డ్ నీళ్లు సగం సగం కలిపి పోయడం ఖరీదనిపిస్తుంది. ఒక్క రేడియేటరు కూలీతో పోల్చండి.

రేడియేటరు మూత చిన్న వస్తువు, పెద్ద పని. మూత బిగువుగా ఒక కిలో ఒత్తిడి పట్టి ఉంచితే నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. స్ప్రింగు చచ్చిన మూతతో 100 దగ్గరే ఉడికిపోతాయి. మూత పోయిందని కట్టె బిరడా పెట్టి తోలే బండ్లు నాకు తెలుసు. ఇక థర్మోస్టాట్ పీకేయడం మన వైపు పెద్ద జబ్బు. అది లేకపోతే ఇంజను చలిగా నడిచి డీజిల్ ఎక్కువ తాగుతుంది, లైనర్లు తొందరగా అరుగుతాయి. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు పక్కదారిని మూసేస్తుంది. దాన్ని పీకితే నీళ్లు రేడియేటరు దాకా పోకుండా పక్కదారినే తిరిగి, వేడి తగ్గకపోగా పెరుగుతుంది. అనుమానముంటే తీసి వేడి నీళ్ల గిన్నెలో వేసి తెరుచుకుంటోందో లేదో చూడొచ్చు, వంటింటి పని.

హెడ్ గ్యాస్కెట్ మాట ఎవరైనా అంటే ఇంజను విప్పించే ముందు మూడు చూడండి. చల్లటి ఇంజను మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటరులో ఆగకుండా బుడగలు వస్తున్నాయా? స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే పై హోస్ పైపు రాయిలా గట్టిపడుతోందా? ఆయిల్ గేజీ పుల్ల మీద ఆయిలు పాలు కలిపిన టీలా ఉందా? మా బండికి ఈ మూడూ లేవు. ముప్పై వేలు మిగలడానికి పది నిమిషాలు పట్టింది. ఒక హెచ్చరిక, ఇది సరదా మాట కాదు: వేడి మీదున్న రేడియేటరు మూత తీయొద్దు. మొహం కాలినవాళ్లు మన మధ్యే ఉన్నారు. ఉడికిన ఇంజను మీద చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగులుతుంది.

కొత్త బండి తీద్దామన్న మా ఇద్దరు మిత్రులకు ఒక మాట. 2020 ఏప్రిల్ నుంచి వచ్చే బండ్లన్నీ బీఎస్-6. పొగ తక్కువ, అది మంచిదే, మన పిల్లలు పీల్చే గాలి. కానీ అందులో జబ్బు తెలుసుకోవాలంటే స్కానరు కావాలి. స్కానరు చూపించే కోడుల్లో కొన్నిటికి అర్థం కంపెనీ వర్క్‌షాపుకే తెలుసు. వాయిదా కట్టేది మనం, బండి లోపల ఏముందో తెలిసేది వాళ్లకు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. వ్యవసాయ యంత్రాలు, వాహనాలు రెండూ దాని పరిధిలో ఉన్నాయి. ఆ డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచారు. పోర్టల్ చాలదు. రిపేరు పుస్తకం, వైరింగు పటం తెలుగులో ఇవ్వాలని, కోడుల అర్థం ఏ మెకానిక్కుకైనా దొరకాలని చట్టం రావాలి. మన సంఘం గిట్టుబాటు ధర గురించి అడిగినంత గట్టిగా దీన్నీ అడగాలని నా అభిప్రాయం.

పాత బండికి ఇంకో వైపు నుంచి దెబ్బ పడుతోంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష. వయసు పెరిగేకొద్దీ రుసుము మోత. 2021 అక్టోబరు నోటిఫికేషన్‌లో పదిహేనేళ్లు దాటిన భారీ లారీకి దాన్ని 12,500 చేశారు. పరీక్ష వద్దని నేననను. బ్రేకులు లేని బండి రోడ్డెక్కితే చచ్చేది మన మనుషులే. కానీ రుసుము వయసును బట్టి కాదు, బండి స్థితిని బట్టి ఉండాలి. వేలకు వేలు తీసుకున్నప్పుడు ఫెయిలయిన బండికి ఏ తప్పు ఎక్కడుందో కాగితం మీద తెలుగులో రాసివ్వాలి. అక్కడా అంతే చూడండి, డబ్బు తీసుకుంటారు, చూసింది చెప్పరు.

ఇవి అడుగుతూనే మన ఇంట్లో చేసుకోగలిగినవి చేసుకుందాం. ప్రతి మండల కమిటీ దగ్గర ఒక మంచి మీటరు ఉండాలి. ఐదారు వందల్లో పని జరిగే మీటరు వస్తుంది. ఏడాదికోసారి కోతలు మొదలయ్యే ముందు ఒక అనుభవజ్ఞుణ్ణి పిలిచి, మన బండ్లూ ట్రాక్టర్లూ వరసగా నిలబెట్టి చూపించాలి, ఆయనకు ఆ రోజు కూలీ ఇవ్వాలి. మా ఊరి గుంపు ఇప్పటికే తీర్మానం చేసింది: బండి చూసి జబ్బు చెప్పిన మెకానిక్కుకు, సామాను మార్చినా మార్చకపోయినా, 300 ఇస్తాం. మొదటిసారి భాయ్‌కి ఇవ్వబోతే తీసుకోలేదు. రెండోసారి జేబులో పెట్టి వచ్చాం.

బండిలో ఒక నోటుబుక్కు పెట్టాం. పొద్దున మీటరు ఎంత, ఎత్తు మీద ముల్లు ఎక్కడ, నీళ్లు ఎంత పోశాం, డ్రైవరే రాస్తాడు. ఆ కుర్రాడి జీతంలో కోసిన 1,500 తిరిగి ఇచ్చాం, తప్పు మాదేనని పదకొండు మంది ముందు చెప్పాం. బండి చెడిందని డ్రైవరు జీతం కోసిన గుంపులు మన జిల్లాలో ఇంకా ఉన్నాయని నాకు తెలుసు. వచ్చే జిల్లా సమావేశానికి ఆ లెక్కలు కూడా పట్టుకు రండి.